గాలికి ఎండిన చేప, మూసలో కరిగిన ఉక్కు

క్రీ.శ. 945 ప్రాంతమున, వేములవాడ చాళుక్యుల ఏలుబడిలో, ఇప్పటి కరీంనగరము జిల్లాలోని కురిక్యాల చేరువ బొమ్మలగుట్ట రాతిమీద పంపకవి తమ్ముడు జినవల్లభుడు సంస్కృత కన్నడ తెలుగు భాషలలో శాసనము చెక్కించి, తెలుగు కందపద్యములను శిలాక్షరములుగా మనకు దక్కించిన ఆ దశాబ్దములందే, ఇక్కడికి వేల క్రోసుల వాయవ్యమున, చలికాలమున సూర్యుడు కొన్ని వారములపాటు దర్శనమే ఇయ్యని నార్వే ఉత్తరతీరమున, బెస్తలు కాడ్ చేపలను జతలు జతలుగా తోకల కడ ముడివేసి కర్రదండెముల మీద ఆరవేయుచుండిరి. ఆ ఎండుచేపకును, మన మెట్‌పల్లి, నిర్మల్ పరిసరముల ఇనుముతో తయారైన ఉక్కుముద్దకును ఒక చుట్టరికము కలదని చూపుటయే ఈ వ్యాసము ఉద్దేశము. ఒకే న్యాయమునకు లోబడిన రెండు వస్తువుల నడుమ నుండు చుట్టరికమది. దూరదేశ వర్తకము నౌకల వలనను, కత్తుల వలనను, రాజాజ్ఞల వలనను పుట్టునని మనము చదువుకొంటిమి. నా మట్టుకు నాకు, అది నిలువయుండు సరకు వలన పుట్టునని తోచుచున్నది. చెడక, చివుకక, మూటలో నెలల తరబడి ఉండియు విలువ తగ్గని వస్తువును చేయగలిగిన ఊరి పేరు పరదేశి వర్తకుని నోట పలుకును. చేయలేని ఊరు, ఎంత పాడిపంటలు కలదైనను, తన అంగడి దాటి పోదు.

వైకింగులను మన పాఠ్యపుస్తకములు 793 లో ఇంగ్లండు ఈశాన్యతీరమందలి లిండిస్ఫార్న్ మఠమును దోచిన ఓడదొంగలుగానే పరిచయము చేసినవి. ఆ దోపిడీలు జరిగినమాట నిజమే. అయితే దోపిడికి పోయిన జాతియే సరకులకును పోయినది. లోతు తక్కువైన వారి పడవలు సముద్రమును విడిచి నదులలో ఎగువకు పోగలవు. రెండు నదుల నడుమనున్న మెరకమీద మనుషులు వానిని ఈడ్చుకొనియు పోగలరు. ఈ సౌలభ్యముతో వారు తూర్పున వోల్గా వెంట కాస్పియను సముద్రము దాకను, నీపర్ వెంట కాన్‌స్టాంటినోపుల్ దాకను పోయి, బొచ్చుతోళ్లను, మైనమును, కత్తులను, బానిసలను అమ్మి, మధ్య ఆసియాను ఏలిన సామానీ రాజుల వెండి దిర్హములను తెచ్చుకొనిరి. మనుషులను అమ్మగా వచ్చిన వెండి అందు కలదు. ఆ సంగతిని మరచి వారి సాహసమును మాత్రమే కీర్తించుట న్యాయము కాదు. బాల్టిక్ సముద్రమందలి గోట్లండ్ ద్వీపమున స్పిల్లింగ్స్ అనుచోట 1999 లో బయటపడిన ఒక్క నిక్షేపమునందే 14,000 కు పైబడిన నాణెములుండగా, వానిలో అధికభాగము అరబ్బు లిపి కలవే. స్వీడనులోని హెల్గో ద్వీపమున 1956 లో దొరికిన ఎనిమిది సెంటీమీటర్ల కంచు బుద్ధవిగ్రహము దాదాపు ఆరవ శతాబ్దమున కాశ్మీర, స్వాత్ ప్రాంతములలో పోతపోసినది. దానిని అచ్చటికి చేర్చినవాడు ఒక్కడు కాడు. చేతినుండి చేతికి, అంగడినుండి అంగడికి జరిగి జరిగి అది ఆ మంచుదేశమును చేరినది. ఆ కాలపు వర్తకమంతయు ఇట్టిదే.

అయితే వెండియు విగ్రహములును కంటికి ఇంపుగానుండుటచే ప్రదర్శనశాలల అద్దపుపెట్టెలలో చోటు సంపాదించుకొనినవి గాని, ఆ దేశముల బ్రతుకును మార్చినది చేప. తొమ్మిదవ శతాబ్దము చివర ఓట్టరు అను నార్వే వర్తకుడు ఇంగ్లండు రాజగు ఆల్ఫ్రెడు కొలువునకు వచ్చి తన దేశపు సంగతులు విన్నవింపగా, ఆ మాటలను రాజాస్థానమువారు గ్రంథస్థము చేసిరి. నార్వేవారందరిలోను అతిదూర ఉత్తరమున నివసించువాడను తానేయనియు, తనకు పన్నుగా బొచ్చుతోళ్లు, పక్షియీకలు, తిమింగలపు ఎముకలు, ఓడత్రాళ్లు వచ్చుననియు, వాల్రస్ దంతములు రాజునకు కానుకగా తెచ్చితిననియు, దక్షిణమున హెడెబీ రేవు దాక ఓడ నడిపితిననియు అతడు చెప్పెను. చేపలు అమ్మితినని చెప్పలేదు. ఆ హెడెబీ ఇప్పటి జర్మనీ ఉత్తరాగ్రమున నుండి, 1066 నాటికి నాశనమైన పట్టణము. అచ్చటి పెంటకుప్పలలో దొరికిన కాడ్ ఎముకల నుండి డి.ఎన్.ఏ. తీసి పరీక్షించి 2017 లో ప్రకటించిన ఫలితములను బట్టి, ఆ చేపలు ప్రక్కనే యున్న బాల్టిక్ సముద్రమున పెరిగినవి కావనియు, ఆర్కిటిక్ ప్రాంతపు బారెంట్స్ సముద్రమున మేసి లొఫోటెన్ దీవుల చెంత గ్రుడ్లు పెట్టు జాతికి చెందినవనియు తేలెను. అనగా వెయ్యేండ్లకు పూర్వమే ఎండుచేప నార్వే ఉత్తరకొసనుండి జర్మనీకి వచ్చుచుండెను. రాజసన్నిధిని చెప్పదగినంత ఘనమైన సరకుగా ఓట్టరునకు తోచనిదానిని పెంటకుప్ప చెప్పినది.

ఆ చేప అంతదూరము చెడకుండ ఎట్లు వచ్చినదో చూడవలెను. లొఫోటెన్ దీవులు 68 డిగ్రీల ఉత్తర అక్షాంశమున ఉన్నవి. అంత ఉత్తరమున సముద్రము గడ్డకట్టవలసినది. కాని అట్లాంటిక్ మహాసముద్రపు వెచ్చని ప్రవాహము ఆ తీరమును ఒరసికొని పోవుటచే, నడిచలికాలమునందు కూడ అక్కడి గాలి సున్న డిగ్రీలకు కొంచెము అటునిటుగా ఉండును. జనవరి మొదలు ఏప్రిలు వరకు కాడ్ చేపలు లక్షోపలక్షలుగా గ్రుడ్లు పెట్టుటకు ఆ దీవుల చెంతకు వచ్చును. వానిని పట్టి, తల కోసి, ప్రేగులు తీసి, రెండేసి చేపలను తోకల కడ కట్టి, దండెములపై వ్రేలాడదీసి మే నెల దాక వదలివేయుదురు. ఉప్పు లేదు, పొగ లేదు. చలి మరికొంత ముదిరినచో కండలోని నీరు గడ్డకట్టి పీచును చీల్చివేయును. వేడి మరికొంత హెచ్చినచో ఈగలు వ్రాలి పురుగు పట్టును. ఈ రెండు ఆపదల నడుమ ఇరుకైన దారి యొకటి కలదు. ఆ దారి ఆ దీవులలో మూడు నాలుగు నెలలపాటు తెరచియుండును. ఆ వ్యవధిలో సముద్రపు గాలి చేపలోని నీటిని మెల్లమెల్లగా లాగివేయగా, అయిదు కిలోల చేప ఒక కిలో తూగును. తట్టిన టకటక మ్రోగును. ఓడ అడుగున పేర్చిన ఏండ్ల తరబడి అట్లే ఉండును. తినబోవువారు దానిని సుత్తితో మోది, దినముల తరబడి నానబెట్టి వండుకొందురు.

రహస్యములో సగము గాలిది, సగము చేపది. కాడ్ తన కొవ్వునంతను కాలేయమందు దాచుకొను జాతి. దాని కండలో నూటికి ఒక పాలు కొవ్వు కూడ ఉండదు. మన ఇండ్లలో బలమునకని పిల్లలకు బలవంతముగా త్రాగించిన కాడ్ లివర్ ఆయిల్ ఆ కాలేయము నుండి తీసినదే. గాలి సోకి వాసన పట్టునది కొవ్వు గనుక, అది లేని కండ నిలుచును. కొవ్వు కండలోనే ఇమిడియున్న హెర్రింగ్ చేపకు ఈ ఉపాయము పనికిరాదు; దానికి ఉప్పు కావలెను, పీపాలు కావలెను, అవి రెండును సమకూడిన తరువాతనే దక్షిణ బాల్టిక్ తీరమున హెర్రింగ్ వర్తకము బలిసెను.

క్రీ.శ. 1000 కి అటునిటు కొద్ది దశాబ్దములలో ఇంగ్లండు పట్టణముల చెత్తగుంటలలో ఎముకల తీరు మారిపోయినదని జేమ్స్ బారెట్ మొదలగు పురాతత్త్వజ్ఞులు లెక్కకట్టి చూపిరి. అంతకు పూర్వము మలుగుపాములును ఏటిచేపలును ఎక్కువ. అటుతరువాత హెర్రింగును కాడును ఎక్కువ. పట్టణములు పెరిగినవి, నదులకు మిల్లుల కోసము అడ్డుకట్టలు వెలసినవి, సంవత్సరమున నూరింటికి మించిన దినములందు మాంసము ముట్టరాదని క్రైస్తవ మఠములు విధించిన ఉపవాసములందు చేపకు మాత్రము నిషేధము లేకపోయినది. ఇంచుమించు అదే కాలమున తూర్పునుండి వెండి రాక సన్నగిల్లినది. కొద్దిపాటి బరువునకు గొప్ప వెల పలుకు సరకులతో నడచిన వర్తకము, అల్పపు వెలకు రాసులుగా అమ్ముడుపోవు తిండివస్తువుల వర్తకముగా మారిన ఘట్టమిది. ఈ మార్పును నేను ఏ రాజ్యవిజయముకంటెను పెద్దదిగా ఎంచుదును; ఏలయన, రాజుల మెడలోని హారములు ఎక్కడివో చెప్పు చరిత్రకంటె సామాన్యుని పళ్లెములోని ముద్ద ఎక్కడిదో చెప్పు చరిత్ర దేశస్థితిని లోతుగా తెలుపును. తరువాతి శతాబ్దములలో ఈ చేపయే బెర్గెన్ రేవును నిలిపినది. జర్మను వర్తకుల హన్సా సంఘమువారు 1360 ప్రాంతమున అచ్చట కొఠీ పెట్టి, ధాన్యమిచ్చి ఎండుచేప కొనుచు నార్వే ఉత్తరతీరమంతటిని తమ పద్దులలో బంధించిరి.

మన ప్రాంతమున చేపకు కొదువ లేదు. గోదావరి, మానేరు, కడెము, ప్రాణహిత, పెన్‌గంగ. కాకతీయుల కాలము నుండి ఊరూర చెరువులు, కుంటలు. వానిని నమ్ముకొని బ్రతుకు గంగపుత్రులు, ముదిరాజులు. వానలకు నిండిన చెరువులో వల విసిరిన బొచ్చె, రవ్వ, వాలుగ, జెల్ల, కొర్రమట్ట పడును. కాని ఇక్కడి వేడిగాలి చేపలోని నీటిని లాగుటకు ముందే కండను చెరచును. ఉప్పు పట్టింతమన్న, ఉప్పు లంబాడీల ఎద్దుల మీద దూరపు సముద్రతీరమునుండి రావలసినది; చౌకచేపకు ఆ వెల గిట్టదు. ఇట్టి చోట మన బెస్త పట్టిన దారి వేరు. కొర్రమట్టకు మొప్పలకు తోడు తలలోపల గాలి పీల్చుకొను గది కలదు. అది మాటిమాటికి నీటిపైకి వచ్చి గాలి మ్రింగిపోవును. అందుచే కుండలో కొద్దినీరు పోసి ఉంచినచో గంటల తరబడి ప్రాణముతోనే ఉండును. ఎండాకాలము చెరువు అడుగంటినపుడు తడిబురదలో తలదాచుకొని బ్రతుకగలుగుటయు ఆ గది చలువయే. నేడు తెలంగాణ రాష్ట్రచేపగా ఎంపికైనదియు ఇదియే. లొఫోటెన్ బెస్త చచ్చిన చేపను నిలువ చేసెను. మన బెస్త బ్రతికిన చేపను నిలువ చేసెను. ఆ నిలువ గంటలతో లెక్కింపదగినది. కనుక మన చేప వారపు అంగడి దాక పోయి అక్కడ ఆగిపోయెను. అది గాలియు ఎండయు గీచిన హద్దు. మనిషి తెలివికి దానితో పని లేదు.

ఆ హద్దును దాటి పోయిన సరకు ఈ నేలలోనే వేరొకటి కలదు. పూర్వపు కరీంనగరము జిల్లా పడమటి అంచును ఆనుకొని, నేటి నిజామాబాదు జిల్లాలోనున్న కోనసముద్రము, నిర్మల్ సమీపమున గోదావరి దాపున నున్న దిమ్మదుర్తి, ఇందల్వాయి మొదలగు ఊళ్ల పేర్లు పరదేశీయుల వ్రాతలలో ఉక్కుకును, ఆయుధములకును నెలవులుగా కనబడును. ఆ ప్రాంతపు గుట్టలలోని రాళ్లలో అయస్కాంతము పట్టు నల్లని ఇనుపఖనిజము కణములు కణములుగా ఉన్నది. వానలు ఆ గుట్టలను కడిగి, బరువైన నల్లయిసుకను వాగుల ఒడ్డున పొరలుగా పరచిపోవును. తేలిక ఇసుకను నీటితో జాడించి పోగొట్టినచో మిగులునది ఖనిజమే. ప్రక్కన ఆదిలాబాదు అడవి బొగ్గునకు లోటు రానియ్యదు. మూసలకు వలసిన బంకమట్టి చేతికందుచున్నది. మూసమట్టిలో కలుపు ఊక, చెరువుల క్రింద పండు వరి ఇచ్చుచున్నది. చేపను పెంచిన చెరువే ఉక్కునకు ఊకను సమకూర్చినదన్నమాట.

ఈ పని రెండు అంచెలది. మొదట కమ్మరులు మట్టికొలిమిలో ఖనిజమును బొగ్గును పొరలు పొరలుగా పోసి తిత్తులు ఊదగా, 1,200 డిగ్రీలకు లోబడిన ఆ వేడిమిలో ఇనుము కరుగదు. రాతిభాగము మాత్రము కరిగి చిట్టెముగా క్రిందికి జారును. మిగిలిన బొరియల ముద్దను ఎర్రగా నున్నపుడే సమ్మెటలతో మోది ఇనుము చేయుదురు. ఇది దేశమంతట జరిగిన పనియే. కోనసముద్రపు విశేషము రెండవ అంచెలో, అనగా ఆ ఇనుమును మట్టిమూసలో కరిగించి ఉక్కు చేయుటలో, ఉన్నది. లాంబ్టన్ నడిపిన మహాత్రికోణమితి సర్వేలో వైద్యుడుగాను భూగర్భశాస్త్రజ్ఞుడుగాను పనిచేసి 1824 లో మరణించిన హెన్రీ వోయిసీ, తాను అచ్చట కన్నులార చూచిన విధానమును వ్రాసియుంచగా, అది 1832 లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. అతని వ్రాతను బట్టి, మూసలో వేయు ఇనుము ఒక్క ఊరిది కాదు. మూడుపాళ్లు మిర్త్‌పల్లి ఇనుము, రెండుపాళ్లు కొండాపూర్ ఇనుము. మొదటిది మన మెట్‌పల్లియే యని తోచుచున్నది. ఒకటి నల్లని అయస్కాంతఖనిజమునుండి తీసినది, రెండవది ఎర్రని ఇనుపమట్టి రాతినుండి తీసినది. రెండు నేలల ఇనుమును కొలత ప్రకారము కలిపినగాని వారికి వలసిన ఉక్కు రాదు. ఆ కొలత ఎన్ని తరములు చేసి చేసి చూడగా కుదిరినదో ఊహింపవలసినదే.

మూసను గూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను. ఈ విద్యకు ప్రాణము అందే యున్నది. ఇనుము కరుగవలెనన్న 1,400 డిగ్రీలను మించిన వేడిమి కావలెను. ఆ వేడిలో మామూలు కుండ జారిపోవును. కోనసముద్రపు మూస, మట్టిలో వరియూకను విస్తారముగా దంచి కలిపి చేసినది. ఊకలో ఇసుకకు మూలమైన సిలికా ఎక్కువ. కాలినపుడు ఆ సిలికాయు బొగ్గును మట్టిలో అంతట వ్యాపించి మిగులును. అమెరికా పరిశోధకురాలు థెల్మా లో అనునామె 1980 దశకమున ఈ పెంకులను తీసికొనిపోయి సూక్ష్మదర్శినితో పరీక్షింపగా, మహాతాపమునకు మట్టిలో పుట్టిన ముల్లైట్ అను స్ఫటికములు సన్నని సూదులుగా ఒకదానినొకటి పెనవేసికొని, గాజువంటి పదార్థమును పట్టియుంచుచు గోడకు బలము చేకూర్చినట్లు కనబడినది. నేటి ఇంజనీర్లు నారను బిగించి పింగాణిని గట్టిపరచు పద్ధతి ఇదే. ఊక కలుపు స్త్రీపురుషులకు ముల్లైట్ పేరు తెలియదు. ఏ పాలున కలిపిన మూస పగులదో మాత్రము తెలియును.

ఇనుపముక్కలను మూసలో నింపి, మూతవేసి, మట్టితో సందులు మెత్తి, కొలిమిలో పెట్టి ఒక పగలు ఒక రాత్రి ఎడతెగక తిత్తులు ఊదుదురు. బొగ్గులోని కర్బనమును పీల్చుకొన్న కొలది ఇనుము కరుగు వేడిమి తగ్గుచు వచ్చును. పూర్తిగా కరిగిన తరువాత, సమ్మెటకు లొంగక ఇనుములో చిక్కుకొన్న చిట్టెపు తునుకలు పైకి తేలి, అడుగున స్వచ్ఛమైన ఉక్కు నిలుచును. యూరపు దేశస్థులు ఆ కాలమున సమ్మెటతో చేసిన కత్తులలో చిట్టెపు చారలు తప్పనిసరి. ద్రవమైన లోహములో ఆ బాధ లేదు. అటుపిమ్మట మూసను తొందరపడి పగులగొట్టరు. మెల్లగా చల్లారిన ముద్దను తీసి, మట్టి పూసి, మరల పండ్రెండు పదునారు గంటలు కాచి చల్లార్చుదురు. లోహము మెత్తబడి సాగుగుణము వచ్చుదాక ఇట్లు మూడుసారులు, నాలుగుసారులు చేయుదురని వోయిసీ వ్రాసెను. ఇందులో ప్రతి అంచెలోను ఓర్పు తప్ప వేరు యంత్రము లేదు.

ఈ ఉక్కులో కర్బనము నూటికి ఒకటిన్నర ప్రాంతము. అంత కర్బనము కల లోహమును యూరపు కమ్మరి తన అలవాటుకొద్ది తెల్లవేడిదాక కాచి కొట్టినచో చిట్లి పొడియగును. చెర్రియెరుపు దాటనీయక, నిదానముగా కొట్టినచో సాగి, కర్బనమును ఇనుమును కూడిన కఠినమైన కణములు వరుసలు తీరి, ఆమ్లము పూసినపుడు నీటియలలవంటి చారలుగా కత్తి మీద తేలును. డమాస్కస్ కత్తులని లోకమున పేరుపొందినవి ఇవియే. ఇంగ్లండున మైకేల్ ఫారడే 1819 మొదలుకొని కొన్ని సంవత్సరములు స్టొడార్ట్ అను కత్తులపనివానితో కలిసి భారతీయ ఉక్కు రహస్యమును వెదకెను. వెర్హోవెన్ అను అమెరికా లోహశాస్త్రజ్ఞుడును పెండ్రే అను కమ్మరియు 1998 నాటికి చేసిన ప్రయోగములలో, ఖనిజమునుండి వచ్చిన వెనేడియమువంటి ధాతువు, పదివేలపాళ్లలో ఒక పాలునకు లోబడినదైనను, ఆ చారలు ఏర్పడుటకు కారణమగునని తేలెను. ఒక ఊరి ఖనిజముతో వచ్చినది మరియొక ఊరి ఖనిజముతో రాకపోవుటకు ఇదొక హేతువు.

సరకు నిలువయున్నచో కొనువాడు తానే వెదకికొని వచ్చును. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే పదునేడవ శతాబ్దమున, చారలు తేలు ఉక్కు గోల్కొండ రాజ్యమునుండియే పారసీకమునకు పోవుననియు, ముద్ద చిన్న రొట్టెయంత యుండుననియు, కొనువారు దానిని రెండుగా కోసి లోపలి నాణ్యము చూచుకొందురనియు, ఒక్కొక్క సగముతో ఒక్కొక్క కత్తి అగుననియు వ్రాసెను. అదే శతాబ్దమున ఈ దారిని నడచిన యాత్రికుడు తెవెనో, ఇందల్వాయిలో కత్తులు, బాకులు, ఈటెలు చేసి దేశమంతట అమ్ముదురనియు, ఊరి చేరువ కొండలోనే ఇనుపగని కలదనియు గుర్తించెను. తూర్పుతీరపు రేవులనుండి ఉక్కుముద్దలు వేలకువేలుగా పారసీకమునకు ఓడలమీద పోయినట్లు ఆ శతాబ్దపు డచ్చి వర్తకుల పద్దులు చెప్పుచున్నవి. అన్నింటికంటె నన్ను ఆకర్షించునది వోయిసీ కోనసముద్రమున కలిసికొన్న ఇస్ఫహాన్ వర్తకుడు హాజీ హుసేను. అతడు 1820 లో ఒకమారు వచ్చి ఉక్కు కొనిపోయి, 1823 లో మరల వచ్చెను. కొలిమి ప్రక్కనే మకాము పెట్టి, మూసలో వేయు ఇనుమును తానే తూచి, ముద్దల గట్టిదనమును తానే పరీక్షించుకొనుచుండెను. ఈ పద్ధతి తమవారికి తెలిసినదేననియు, తమ దేశమున చేయబోయి విఫలులైరనియు అతడు వోయిసీకి చెప్పెను. ఎడారులను సముద్రమును దాటి ఒక మనిషి మన పల్లెకు రెండుమారులు వచ్చుటకంటె ఆ కమ్మరులకు వేరొక యోగ్యతాపత్రము అక్కరలేదు.

ఇక ఈ మూసయుక్కునకును వైకింగులకును గల సంబంధము. ఉత్తర యూరపులోని నదులలోను సమాధులలోను దొరికిన తొమ్మిది మొదలు పదకొండవ శతాబ్దము దాకటి కత్తులలో సుమారు 170 కత్తుల అలుగుపై ఉల్ఫ్‌బెర్హ్‌ట్ అను పేరు పొదిగియున్నది. లండను వాలెస్ సంగ్రహశాలకు చెందిన అలన్ విలియమ్స్ వానిలో 44 కత్తుల లోహమును పరీక్షించి, కొన్నింటిలో కర్బనము ఎక్కువై చిట్టెము లేని ఉక్కు కనబడుచున్నదనియు, అది మూసలో కరిగినదై, వోల్గా మార్గమున తూర్పునుండి వచ్చియుండుననియు 2009 లో ప్రకటించెను. పండితులందరును దీనిని ఒప్పుకొనలేదు. ఒప్పుకొన్నను, ఆ ఉక్కును మన కోనసముద్రమునకు ముడిపెట్టుటకు నేను సాహసింపను. తుర్క్మెనిస్తానులోని మెర్వ్ నగరమున తొమ్మిది పది శతాబ్దముల మూసకొలుములు త్రవ్వకములలో బయటపడినవి. ఉజ్బెకిస్తానులోని అఖ్సికెత్‌లోను అట్టివి దొరికినవి. వోల్గాకు దారి అచ్చటనుండి దగ్గర. అయితే తొమ్మిదవ శతాబ్దమున బాగ్దాదులో అల్ కిందీ అను పండితుడు ఖలీఫా ముఅతసిం కొరకు కత్తులను గూర్చి గ్రంథము వ్రాయుచు, హిందూదేశపు ఉక్కును, సింహళపు ఉక్కును, ఖురాసాను ఉక్కును వేరువేరుగా పోల్చి చెప్పినాడు. 922 లో వోల్గా తీరమున రూసులని పిలువబడిన వైకింగు వర్తకులను చూచిన అరబ్బు యాత్రికుడు ఇబ్న్ ఫద్లాను, వారిలో ప్రతివాడును గొడ్డలి, కత్తి, బాకు విడువకుండ నుండుననియు, వారి కత్తులు ఫ్రాంకుల తీరువనియు వ్రాసినాడు. అనగా ఉక్కు తెలిసినవాడు ఒక కొసను, కత్తి కోరినవాడు మరొక కొసను ఉండగా, నడుమ అంగళ్లు వరుసగా నిలిచియున్న లోకమది. ఆ వరుసలో మన దక్కను ఉన్నది. మన ముద్ద ఏ అంగడిదాక పోయెనను ప్రశ్నకు సమాధానము ఊహతో చెప్పదగినది కాదు. లోహపు పరీక్షతో చెప్పదగినది.

ఈ రెండు సరకుల తరువాతి గతులు వేరైనవి. లొఫోటెన్ దండెములు నేటికిని చేపలతో నిండుచున్నవి. ఆ ఎండుచేప ఇటలీకిని, నైజీరియాకును పోవుచున్నది. ఆ గాలిని ఇంకొకచోట కట్టలేరు గనుక ఆ వృత్తి నిలిచినది. మన ఉక్కు చేతివిద్య పైననే ఆధారపడినది. 1856 లో బెస్సిమర్ కనిపెట్టిన పద్ధతితో టన్నులకొలది ఉక్కు గంటలోపల కరగి పోతకు వచ్చిన తరువాత, చౌక విదేశపు ఇనుము అంగళ్లకు చేరిన తరువాత, అడవిలో బొగ్గు కాల్చుటకు ఆంక్షలు వచ్చిన తరువాత, పందొమ్మిదవ శతాబ్దము గడచునప్పటికి మూసలు చల్లారినవి. కమ్మరులు నాగటికర్రులకును, కొడవళ్లకును, బండిపట్టాలకును దిగిరి.

మిగిలినవి చిట్టెపు గుట్టలు, మూస పెంకులు. 2010 లో ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయము, బెంగుళూరులోని జాతీయ ఉన్నతాధ్యయన సంస్థ పరిశోధకులు, ఈ విషయమున ఏండ్లుగా పాటుపడిన జైకిషన్ గారి సహాయముతో ఉత్తర తెలంగాణమున వందకు పైగా గ్రామములు తిరిగి అట్టి దిబ్బలను నమోదు చేసిరి. హెడెబీ చేపముండ్లను ఎంత శ్రద్ధతో ఏరి పెట్టుకొనిరో, మన మూస పెంకులు అంత శ్రద్ధకు పాత్రములు. పొలము చదును చేయుటకును, బాటకు కంకర పోయుటకును ఈ దిబ్బలు తరుగుచున్నవన్న సంగతి తలచినపుడు నాకు నిజముగా బాధ కలుగుచున్నది. ఏలయన, ఆ పెంకు గోడలో కలిపిన ఊక పూర్తిగా బూడిద కాలేదు. గాలి చొరని మట్టిలో నల్లని బొగ్గుగా మిగిలియున్నది. ఆ బొగ్గు ఏ సంవత్సరపు పంటదో రేడియో కర్బన పద్ధతిని కొన్ని దశాబ్దముల తేడాలో లెక్కకట్టవచ్చును. పెంకు లోపలి గోడకు అంటుకొన్న లోహపు బొట్టులో వెనేడియము మొదలగు ధాతువుల పాళ్లు చూచి, ఏ గుట్ట ఖనిజమో గుర్తింపవచ్చును. ఒక పెంకు తన తేదీని, తన ఊరిని రెంటిని తనలోనే దాచుకొన్నది. జినవల్లభుడు కురిక్యాల రాతిమీద అక్షరములు చెక్కించిన నాటికే కోనసముద్రమున మూసలు కాలుచుండెనా, లేక ఆ విద్య తరువాతి శతాబ్దములలో ఇచ్చట కుదురుకొన్నదా యను ప్రశ్నకు సమాధానము ఏ గ్రంథమునందును వెదకనక్కరలేదు. ఊరి చివర చిట్టెపు దిబ్బను అడుగంట త్రవ్వి, పొరపొరకు ఒక్కొక్క పెంకును తీసి పరీక్షించినచో తెలియును.